జంగును చెవితో పట్టే మామ

మంగళవారం పొద్దున మన్నాఏఖేళ్ళి చౌరస్తాలో హైదరాబాద్ లారీల మధ్య నుంచి ఎలాగో బయటపడి బీదర్ రోడ్డు ఎక్కాను. ఊరు దాటగానే ఎడమ చేతి వైపు మామ షెడ్డు. దాని ముందు నీలం రంగు షామియానా వేసి ఉంది. కింద ప్లాస్టిక్ కుర్చీలు, తలకు తువ్వాళ్ళు చుట్టుకున్న ఐదారుగురు మగవాళ్ళు, పక్కన మూడు రాళ్ళ పొయ్యి. అది పెళ్ళి షామియానా కాదని ఒకరు చెప్పాల్సిన పని లేదు.

"బాపు పోయిండు," అంది వెనక సీట్లోంచి నా భార్య.

నేను బండి ఆపలేదు. ఆపే వీలు లేదు. ఆమెకు బీదర్ పెద్దాసుపత్రిలో తొమ్మిదిన్నరకు డయాలిసిస్. పది నిమిషాలు ఆలస్యమైతే ఆ మిషను ఇంకొకరికి పోతుంది, మళ్ళీ సాయంత్రం దాకా కాళ్ళు వాచిపోయి బెంచీ మీద కూర్చోవాలి. మూడేళ్ళుగా మంగళవారం, శుక్రవారం మాకు ఇదే పని. పండగా, చావూ, వానా, బందూ అన్నీ ఆ రెండు రోజుల్ని తప్పుకుని రావాలి. కాబట్టి పోయిన మనిషి ఇంటి ముందు నుంచి తల తిప్పకుండా వెళ్ళిపోయాను. అద్దంలో చూస్తే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"వచ్చేటప్పుడు ఆగుదం," అన్నాను.

"ఆగుదం," అంది.

ఆమెను లోపల పడుకోబెట్టి వరండాలో కూర్చుంటే నాలుగు గంటలు. ఇదివరకు పేపరు చదివేవాణ్ణి, ఇప్పుడు అదీ లేదు, ఊరికే కూర్చుంటాను. అలిసిపోయాను, దాచుకోవడం దేనికి. ఆ రోజు మాత్రం ఆ నాలుగు గంటలూ మామతోనే గడిచాయి.

ఆయన నాకు మామ కాడు. చుట్టరికం ఏమీ లేదు. ఆయనది పక్కనే ఏదో పల్లె, కమ్మరి కుటుంబం, మాలాగే ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ. నేనొకసారి మామా అన్నాను, ఆయన వెంటనే అల్లుడా అన్నాడు, అంతే. ఆ లెక్కన నా భార్య ఆయనకు బిడ్డయింది, ఆమె బాపు అనడం మొదలుపెట్టింది. ఆమెతో బాపు అనిపించుకున్నాక నన్ను తిట్టే హక్కు ఆయనకు పూర్తిగా దక్కింది. ఆ హక్కును ఒక్కరోజు కూడా వృథా కానివ్వలేదు మహానుభావుడు.

ఆయనది డెంటింగ్ పని. గుద్దుకున్న బండ్ల రేకు సరిచేయడం. కానీ ఆయన మనసు సొట్టల మీద ఉండేది కాదు. తుప్పును మా వైపు జంగు అంటారు, ఆయన పగ అంతా ఆ జంగు మీదే. సొట్ట పడిన కారు తెస్తే, "గిది ఎవడన్న చేస్తడు, పో," అని రోడ్డవతలి షెడ్డు చూపించేవాడు. జంగు పట్టిన కారు వస్తే మాత్రం చేతిలో ఉన్న చాయ్ కూడా కింద పెట్టి లేచేవాడు.

గోనెసంచి పరిచి, బండి కిందికి వెల్లకిలా దూరేవాడు. చెక్క పిడి ఉన్న పాత స్క్రూడ్రైవరును తిరగేసి పట్టుకుని పిడితో రేకును తట్టేవాడు. కళ్ళు మూసుకునేవాడు. టక్, టక్, టక్, టక్. ఎప్పుడో ఒకసారి చెయ్యి ఆగేది. అక్కడే ఇంకోసారి తట్టి, సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. నాకు అన్ని చప్పుళ్ళూ ఒకలాగే వినబడేవి. ఆ సున్నాలో పొడిస్తే స్క్రూడ్రైవరు కొన అటుకుల మూటలోకి దిగినట్టు దిగిపోయేది. మీద రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉండేది.

"బండి మొకం నుంచి చావది అల్లుడా, కడుపుల నుంచి చస్తది," అనేవాడు బయటికి పాకి వస్తూ. ఎడమ కనుబొమ్మ ఎప్పుడో గ్యాసు మంటకు కాలి సగమే మిగిలింది. దాంతో ఆయన ఏం చెప్పినా ఆ వైపు నమ్మనట్టే కనిపించేది.

మొదటిసారి నేను ఆయన దగ్గరికి పోయింది రంగు కోసం. అప్పటికి నా భార్యకు జబ్బు లేదు. బండి సెకండ్‌హ్యాండ్‌లో కొని, మా ఊరు మంగళగి నుంచి హుమ్నాబాద్‌కు షేరు మీద మనుషుల్ని తిప్పుతుండేవాణ్ణి. తమ్ముడి కూతురి పెళ్ళి వస్తోంది, తెల్లగా మెరిపించుకుందామని తీసుకుపోయాను. ఆయన రంగు సంగతే ఎత్తలేదు. కిందికి దూరి, తట్టి, ఏదో గీకి, చారెడు ఎర్రటి పొడి తెచ్చి నా అరచేతిలో పోశాడు.

"ఇదేంది?"

"మట్టి," అన్నాను. "మా పొలం తొవ్వ అంత ఎర్రమొరమే గద మామా. ఎంత కడిగినా పోదు. వారం వారం పైపు పెట్టి కడుగుతున్న."

"కడిగితె ఎర్రనీళ్ళు వస్తున్నయా?"

"మస్తు వస్తున్నయ్."

మామ నా మొహంలోకి చూసి గట్టిగా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు తగ్గాక అన్నాడు: "అది మట్టి గాదురా బాబూ. నీ బండే. వారం వారం నీ బండినే కడిగి మోర్ల పోస్తున్నవ్."

ఈ పొరపాటు మా బీదర్ జిల్లా వాళ్ళకే చెల్లుతుంది. నల్లరేగడి ఊళ్ళలో ఎర్రది కనబడితే జంగు అని తెలుస్తుంది. ఇక్కడ నేలా ఎరుపే, జంగూ ఎరుపే, ఏది ఏదో మాకు తెలియదు. అందరమూ మట్టి అనుకుని నీళ్ళు కొడతాం, ఆ నీళ్ళతో జంగు ఇంకా పెరుగుతుంది, ఇంకా ఎర్రగా కారుతుంది, మేము ఇంకా కొడతాం. మామ పరీక్ష సులువు. ఆ పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపేవాడు. మట్టయితే మెత్తగా పోతుంది. జంగయితే పొరలు పొరలుగా విరిగి గుచ్చుకుంటుంది. నాతోనే నలిపించాడు. గుచ్చుకుంది. రంగు వేయించకుండానే తిరిగి వచ్చాను. పెళ్ళికి ఆ మచ్చల బండిలోనే పోయాం, ఎవరూ చావలేదు.

అప్పటి నుంచి నాకు ఆయన చెప్పిన పద్ధతులే. వానాకాలానికి ముందు బండి కడుపుకంతా కాలిన ఇంజనాయిల్ పూయాలి. వానాకాలం పోయాక దర్వాజలన్నీ తెరిచి, మ్యాట్లు తీసి, రెండు రోజులు ఎండలో నిలబెట్టాలి. మ్యాటు కింద గోనెపట్టా వెయ్యకూడదు, అది తడిని పట్టుకుని కూర్చుంటుంది. దర్వాజ అడుగున నీళ్ళు పోవడానికి చిన్న బెజ్జాలు ఉంటాయి, మట్టితో పూడుకుపోతాయి, వాటిని నెలకోసారి చీపురుపుల్లతో పొడవాలి. బెజ్జం మూసుకుపోయిన దర్వాజ ఊపితే లోపల నీళ్ళు గలగలమంటాయి. అది విన్నాడంటే మనిషికి ఒళ్ళు మండిపోయేది.

"నీళ్ళు వచ్చుడు తప్పు గాదు. వచ్చిన నీళ్ళు పోకపోవుడు తప్పు. పోయే తొవ్వ మూసినవ్ నువ్వు, పాపిష్టోడా!"

రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోస్తే ఒప్పుకునేవాడు కాదు. ఉప్పు, లోపల పొర కడుతుంది. ఫిల్టరు నీళ్ళే పోయాలి. డబ్బా పట్టుకుని ఫిల్టర్ ప్లాంటుకు పోయి క్యూలో నిలబడ్డవాణ్ణి నేనొక్కణ్ణే ఊళ్ళో, బండి కోసం.

అన్నింటికన్నా పెద్ద లొల్లి దసరా మర్నాడు జరిగేది. పండగనాడు బండ్లకు పూజ చేస్తాం కదా. బానెట్టు మీద పసుపు, కుంకుమ తడిపి పట్టీలు పెడతాం, ముందర కొబ్బరికాయ కొడతాం, ఆ నీళ్ళు బంపరు మీద చిలకరిస్తాం. ఆ బొట్టు తుడవకూడదని ఒక పట్టింపు, దానంతట అదే పోవాలి. దీపావళి దాటినా అలాగే అట్టకట్టి ఉంటుంది, దాని కింద రంగు ఉబ్బుతుంది. మామ దసరా మర్నాడు రోడ్డుకు అడ్డంగా నిలబడి తెలిసిన బండినల్లా ఆపేవాడు. తడిగుడ్డతో బొట్టు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి వదిలేవాడు. కొందరు అరిచేవాళ్ళు, అరిష్టమని.

"దేవుడు నిన్ననే చూసిండు పో," అనేవాడు. "పాపం ఉంటె నాకే రానీ. నా పేరు చెప్పు."

ఎన్ని బండ్ల పాపం మోశాడో ఆయనకే తెలియాలి.

మాకు కష్టం మొదలైంది మూడేళ్ళ కింద. ఆమెకు కిడ్నీలు పోయాయన్నారు. షేరు బండి మానేశాను. వారానికి రెండు దినాలు బీదర్ పోవాలంటే మంగళగి నుంచి ఆమె బస్సు మారి బస్సు ఎక్కలేదు, ఆటో కుదుపుకు వాంతి చేసుకుంటుంది. ఉన్నది ఈ బండి. ఇది నడిస్తే ఆమె మిషను దగ్గరికి చేరుతుంది, నడవకపోతే చేరదు. ఇంత తిన్నగా నా జీవితంలో ఏదీ ఎప్పుడూ లేదు.

మొదటిసారి ఆసుపత్రి నుంచి వస్తూ షెడ్డు దగ్గర ఆగి సంగతి చెప్పాను. మామ అయ్యో అనలేదు. నా భార్య కాళ్ళ వైపు చూశాడు. వంగి, చీలమండ మీద వేలితో నొక్కి తీశాడు. సొట్ట పడి, మెల్లగా నిండింది.

"నీళ్ళు నిలవడ్డయి," అన్నాడు. "డాక్టరు ఎంత తాగుమన్నడు బిడ్డా?"

"దినానికి రెండు గిలాసలు."

"రెండే తాగు. మూడోది తాగినవంటె నాకు తెలుస్తది."

ఆమె దారంతా నవ్వుతూనే ఉంది. "డాక్టరు ఇంగిలీషుల చెప్పిందే బాపు దర్వాజకు ఎప్పటి నుంచో చెప్తుండు," అంది. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు సాయంత్రం రేడియేటర్‌లో లీటరు ఫిల్టరు నీళ్ళు పోస్తుంటే ఆమె గడప మీద కూర్చుని ఆ ధారనే చూస్తోంది. డబ్బా పక్కకు తిప్పుకున్నాను. అప్పటి నుంచి ఆమె పడుకున్నాకే పోస్తున్నాను.

అప్పటి నుంచి మామ లెక్కలో రెండు బండ్లయ్యాయి. ఆగినప్పుడల్లా ముందు ఆమె కాళ్ళు చూసేవాడు, తర్వాత టైర్లు. ఆమె కాళ్ళు బాగుంటే బండిని తిట్టేవాడు, బండి బాగుంటే నన్ను తిట్టేవాడు.

మధ్యలో నేనొక వెధవ పని చేశాను. ఆ పరుగుల్లో ఒక వానాకాలం ఆయిల్ పూయించడానికి ఓపిక లేకపోయింది. హైవే పక్కన ఒకతను కనబడ్డాడు, కింద నల్లటి రబ్బరు పూత వేస్తాను, ఇక జన్మలో చూసుకోనక్కర్లేదు అన్నాడు. జన్మలో చూసుకోనక్కర్లేదు అన్న మాటకే నేను పడిపోయాను. గంటలో పిచికారీ కొట్టి ఇచ్చాడు. కింద చూస్తే కొత్త బండిలా నల్లగా నిగనిగలాడింది. మామకు చూపించాను, గొప్పగా.

ఆయన కిందికి పోలేదు. వాసన చూసి తెలుసుకున్నాడు. "ఎండవెట్టిండా ముందు? గీకిండా?"

"లేదు మామా, గట్లనే కొట్టిండు."

"జంగును లోపట వెట్టి తాళం వేసినవ్," అన్నాడు. అంతే. షెడ్డులోకి వెళ్ళిపోయాడు. తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఆగితే ఆమెతో మాట్లాడేవాడు, ఆమె కాళ్ళు చూసేవాడు, ఆమె చేతికి ఒక జామకాయో రేగుపండ్లో ఇవ్వబోయి, డాక్టరు వద్దన్నాడని గుర్తొచ్చి తనే తినేవాడు. నా వైపు కన్నెత్తేవాడు కాదు. నాకూ పంతమే. నేనేం చిన్నపిల్లవాణ్ణా, దినమంతా స్టీరింగు పట్టుకుని చచ్చేది నేను.

అయిదో నెల, ఒక శుక్రవారం. మన్నాఏఖేళ్ళి దాటి మామ షెడ్డు ముందరి స్పీడుబ్రేకరు ఎక్కి దిగాం. వెనక నుంచి ఆమె "ఓ!" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆపి చూస్తే ఆమె ఎడమ కాలు మోకాలి దాకా లేదు. కింద రేకు విరిగి, మ్యాటుతో సహా కాలు బయటికి దిగిపోయింది. బండి అప్పటికే ఆగినంత మెల్లగా ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మాట నేను ఇప్పటికీ పూర్తి చేయలేను. పిక్క మీద గీరుకుని రక్తం కారుతోంది. రోడ్డు కనిపిస్తోంది ఆ రంధ్రంలోంచి. దిగి దర్వాజ లాగాను, నాకు తెరవడం కూడా రాలేదు.

మామే వచ్చి తెరిచాడు. ఆమె కాలును రెండు చేతులతో పట్టుకుని, విరిగిన రేకు గుచ్చుకోకుండా లుంగీ అంచు అడ్డం పెట్టి, మెల్లగా పైకి తీశాడు. గాయం కడిగి కట్టు కట్టాడు. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"మిషను ఎన్నింటికి?" అన్నాడు నాతో. నాలుగు నెలల తర్వాత మొదటి మాట.

"తొమ్మిదిన్నర."

షెడ్డులోంచి ఒక మందపాటి రేకుముక్క, పాత నీళ్ళ ట్యాంకరుది, కత్తెర, సుత్తెలు తెచ్చి డిక్కీలో పడేశాడు. రంధ్రం మీద చెక్కపలక వేసి, దాని మీద కాళ్ళు పెట్టుకుని వెనక కూర్చున్నాడు. షెడ్డు తలుపు కూడా వెయ్యలేదు. "నడుపు. బీదర్ల నాకు తెలిసినోని షెడ్డున్నది. నాలుగు గంటలు అంటివి గద, అండ్లనే అయితది."

ఆమెను మిషను మీద పడుకోబెట్టి నేనూ ఆయన దగ్గరికి పోయాను. సీటు పీకేశాడు. ఆ నల్లపూత గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా ఊడింది, వెనకాల రేకు లేదు, ఎర్రపొడి. గట్టిగా ఉన్న రేకు దొరికేదాకా కత్తిరించుకుంటూ పోయాడు. చాయ్ తెచ్చాను, తాగలేదు. కూర్చోమన్నాను, వినలేదు. డెబ్భై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని గ్యాసు వెల్డింగు చేస్తున్నాడు, ఆ పొగకు దగ్గుతున్నాడు, దగ్గి మళ్ళీ మంట పెడుతున్నాడు. మధ్యలో ఒక్కసారి తల ఎత్తి అన్నాడు: "యాష్టకొచ్చిందా అల్లుడా?"

అలిసి విసిగిపోయావా అని ఇన్నాళ్ళలో నన్ను అడిగినవాడు ఆయనొక్కడే. డాక్టరు ఆమెను అడుగుతాడు, చుట్టాలు ఆమెను అడుగుతారు, అడగాల్సిందే. నేను "ఆఁ" అన్నాను.

"వస్తది," అన్నాడు. "రాదంటె అబద్ధం. గని పని ఆపొద్దు. యాష్టతోనే చెయ్యి." మళ్ళీ మంట అందుకున్నాడు.

ఆమె బయటికి వచ్చేసరికి బండి ఆసుపత్రి గేటు దగ్గర ఉంది. జంగు పట్టకుండా వేసిన రెడాక్సైడ్ పూత ఇంకా తడిగా ఉందని పేపరు పరిచాడు. "కాలు వెట్టు బిడ్డా. గట్టిగ తొక్కు. ఇంకా గట్టిగ." నాలుగు గంటలు మిషను మీద పడుకుని వచ్చిన మనిషి, నిలబడే ఓపిక లేదు, అయినా నా భుజం పట్టుకుని ఒక కాలితో దబదబా తొక్కింది. ఆయన చెవి ఒగ్గి విన్నాడు. "ఇగ ఇది నీకంటె నాకంటె గట్టి," అన్నాడు.

ఆ తర్వాత ఆయన మాట కాదని బండి ముట్టుకోలేదు నేను. పందొమ్మిదేళ్ళ బండి, ఒక్క మంగళవారం, ఒక్క శుక్రవారం దారిలో ఆగలేదు. మొన్న దసరాకు కూడా వచ్చి బొట్టు తుడిచాడు, కిందికి దూరి అంతా తట్టి చూశాడు, బయటికి రావడానికి మాత్రం నేను చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది. అప్పటికే ఊపిరి అందేది కాదు. దీపావళి అయ్యాక మంచం పట్టాడని తెలిసింది. షెడ్డు వెనకే ఇల్లు. ఒకసారి పోయి చూశాను. తర్వాత పోలేదు. పొద్దున మిషను తొందర, మధ్యాహ్నం ఆమెకు నీరసం, ఇంటికి పోయి పడుకుంటే చాలు అనిపించేది. వచ్చే వారం ఆగుదాం, వచ్చే వారం ఆగుదాం అనుకుంటూ రెండు నెలలు ఆ షెడ్డు ముందు నుంచి తిరిగాను.

పోయిన శుక్రవారం అదీ లేదు. ముందు రోజు పొద్దంతా కంది కోయించాను, నడుము పడిపోయింది. తెల్లవారి లేచి బండి తాళంచెవి చూస్తే ఏడుపొచ్చింది. తమ్ముడి కొడుకు కొత్త కారు కొన్నాడు. "ఒక్కరోజు నేను తీస్కపోత పెద్దనాయనా, నువ్వు ఎనక పండు," అన్నాడు. సరే అన్నాను. అద్దాలెక్కించి, చల్లగాలి పెట్టి, చప్పుడు లేకుండా పోయింది ఆ కారు. మంగళగి దాటకముందే నిద్రపోయాను. మన్నాఏఖేళ్ళి ఎప్పుడొచ్చిందో, మామ షెడ్డు ఎప్పుడు దాటిందో తెలియదు. మూడేళ్ళలో అంత హాయిగా నిద్రపోలేదు.

ఇదంతా తలుచుకుంటూ వరండాలో కూర్చుంటే నర్సమ్మ పిలిచింది. ఆమెను నడిపించుకుని వచ్చి బండిలో కూర్చోబెట్టాను. ఎప్పుడూ ఒరిగి పడుకునేది, ఆ రోజు కూర్చునే వచ్చింది.

రెండున్నరకు షామియానా ముందు ఆపాను. ఆదివారం పొద్దున పోయాడట, ఆ రోజు మూడోనాడు, కాకులకు పిట్టముద్ద పెట్టి వచ్చి మగవాళ్ళు భోజనాలకు కూర్చోబోతున్నారు. మామ భార్య, నేను అత్తమ్మ అంటాను, గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూసి కొంగు మొహానికి కప్పుకుని ఏడ్చింది. నేను చేతులు పట్టుకున్నాను. తర్వాత బండి దగ్గరికి పోయి వెనక దర్వాజ తీసి నా భార్యను దింపాను. నా భుజం పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ వచ్చింది.

అత్తమ్మ ఏడుపు ఆగిపోయింది. గోడ పట్టుకుని లేచింది.

"నువ్వున్నవా బిడ్డా? బతికే ఉన్నవా?"

కుర్చీల్లో వాళ్ళంతా ఇటు తిరిగారు. నా భార్య బిత్తరపోయింది. "గట్లంటవేంది అవ్వా? నాకేమైంది?"

అత్తమ్మ వచ్చి ఆమె చెంపలు తడిమింది, మణికట్టు పట్టుకుంది, సూదులు గుచ్చిన చోట కట్టిన దూది తడిమింది. పక్కన కూలబడి, ఆమెనూ కూర్చోబెట్టుకుని, చెప్పింది.

"మంచాన పడ్డ కాడి నుంచి ఆయనకు ఏరే పనేమున్నది బిడ్డా. మంగళారం, శుక్కురారం అచ్చిందంటె పొద్దుగాల్నే మంచం తలుపు దిక్కు జరుపుమనేటోడు. మీ బండి చప్పుడు ఇనేదాక నోట్ల మెతుకు వెట్టకపోయేటోడు. బండి పోంగనె, 'పోయింది, పిల్ల మంచిగున్నది, ఇగ పెట్టు' అనేటోడు. మొన్న శుక్కురారం ఎదురు జూసిండు, జూసిండు. పది గొట్టె, పదకొండాయె. బండి కరాబైందో ఏమో, బస్సుల పోయిండ్రేమో అని నేనే అన్న. 'ఆ బండి కరాబ్ గాదు, నేను జేసిన బండి అది' అన్నడు. 'బండికి ఏం గాకుంటె ఇగ పిల్లకే అయింది' అన్నడు. గోడ దిక్కు మర్లిండు. మళ్ళ ఇటు మర్లలే."

"ఫోన్ చెయ్యకపోయినవా అవ్వా," అంది నా భార్య. ఆమె గొంతు నాకే సరిగా వినబడలేదు.

"చేపిస్త అన్న. వద్దన్నడు. చావయిన ఇంటికి ఫోన్ చేసి ఏమడుగుతవ్ అన్నడు. శనారం గంజి సుత తాగలే. నీ కోసం ఏడ్సిండు బిడ్డా, ఎన్నడు ఏడ్వనోడు."

ఆ శుక్రవారం నేను వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాను. నా భార్య నా వైపు చూసింది. నా మొహంలో ఏం కనబడిందో, అత్తమ్మ వైపు తిరిగి, చేతిని గట్టిగా పట్టుకుని మొదలుపెట్టింది.

"ఆ దినం బండి స్టార్టే గాలే అవ్వా. పొద్దుగాల నుంచి ఎంత చేసినా..."

నన్ను కాపాడుతోంది. ఇంకో రెండు మాటలు అననిస్తే అయిపోయేది. అందరూ అవునంటే అవుననేవాళ్ళు, నేను తలవంచుకుని నాలుగు మెతుకులు తిని ఇంటికి పోయేవాణ్ణి.

"లేదు అత్తమ్మా," అన్నాను. "బండికి ఏం గాలే. మంచిగనే ఉండె. నాకే చాతగాలే. యాష్టకొచ్చి బండి ఇంటికాడ వెట్టి, ఇంకొకని కార్ల పండి పోయిన."

అత్తమ్మ నన్ను తిడుతుందని నిలబడ్డాను. ఆమె నన్ను చూడనే లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని కుర్చీల్లో ఉన్న మగవాళ్ళ వైపు తిరిగింది.

"ఇన్నరా? బండికి ఏం గాలేదంట," అంది. "ఆయన జెప్పిండు గద."